విద్యుత్ కారుకు పాత రేకు సరిపడుతుందా?

న్యూఢిల్లీ: విద్యుత్ కారు కొనదలచినవారు బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుందని అడుగుతారు. ఒకసారి ఛార్జి చేస్తే ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందని ఆరా తీస్తారు. ఎడమవైపు ఫెండరు నొక్కుకుపోతే మరొకటి ఎక్కడ దొరుకుతుందని అడిగేవారు మాత్రం అరుదు. 2020 తర్వాత రోడ్డెక్కిన విద్యుత్ కార్లు ఒక్కొక్కటిగా సాధారణ వారంటీ గడువు దాటుతున్న తరుణంలో ఈ ప్రశ్న ఇప్పుడు ముందుకు వస్తోంది. కంపెనీ నుంచి వచ్చే కొత్త విడిభాగం ఖరీదును భరించలేనివారు, అది వచ్చేవరకు కారును షెడ్డులో వదిలి ఉండలేనివారు పాత సామాన్ల మార్కెట్టు వైపు చూస్తున్నారు. పెట్రోలు, డీజిలు కార్ల విషయంలో దశాబ్దాలుగా సాగుతున్న పద్ధతే ఇది. అయితే విద్యుత్ కారు దగ్గరకు వచ్చేసరికి, చూడటానికి అచ్చం ఒకేలా ఉన్న రేకు సైతం బిగించబోతే సరిపడని పరిస్థితి ఎదురవుతోంది.

బానెట్టు, బంపరు, ఫెండరు, తలుపు, డిక్కీ మూత వంటి బయటి భాగాలన్నింటినీ టింకరింగు షెడ్లలో కలిపి రేకు అనే అంటారు, వాటిలో కొన్ని ప్లాస్టిక్కువే అయినప్పటికీ. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశంలో లక్షకు పైగా విద్యుత్ కార్లు రిజిస్టరయ్యాయి. ఢిల్లీలోని మాయాపురి, చెన్నైలోని పుదుపేట, కోల్‌కతాలోని మల్లిక్ బజార్ వంటి పాత విడిభాగాల కేంద్రాలు మారుతీ రేకుల మీద ఎదిగిన మార్కెట్లు. ఒకే మోడల్ ఏళ్ల తరబడి మార్పు లేకుండా రావడం, లక్షల సంఖ్యలో అమ్ముడుపోవడం ఆ వ్యాపారానికి పునాది. మారుతీ 800 తలుపు కావాలంటే ఏ ఏడాదిదని కూడా చాలామంది అడిగేవారు కాదు. విద్యుత్ కార్ల విషయంలో ఈ రెండు అనుకూలతలూ లేవు. సంఖ్య తక్కువ, మార్పులు ఎక్కువ.

పేరు ఒకటే, రేకులు వేరు

ఈ చిక్కుకు టాటా నెక్సాన్ ఈవీ మంచి ఉదాహరణ. పెట్రోలు, డీజిలు నెక్సాన్ 2017 సెప్టెంబరులో మార్కెట్టులోకి వచ్చింది. 2020 జనవరిలో దాని ముందు భాగాన్ని మార్చి, అదే నెలలో విద్యుత్ రకాన్ని కూడా విడుదల చేశారు. కాబట్టి తొలి నెక్సాన్ ఈవీకి 2020 నాటి పెట్రోలు నెక్సాన్‌తో ఉన్న పోలిక 2017-19 మధ్య వచ్చిన నెక్సాన్‌తో లేదు. ముందు బంపరు, బానెట్టు విషయంలో ఈ తేడా స్పష్టం. 2022 మే నెలలో 40.5 కిలోవాట్ అవర్ బ్యాటరీతో మాక్స్ వచ్చింది. 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ గల పాత రకానికి ఆ తర్వాత ప్రైమ్ అని పేరు పెట్టారు. 2023 సెప్టెంబరులో కారు ముఖమే మారిపోయింది. హెడ్‌లైట్లు కిందికి దిగాయి, బానెట్టు అంచు కింద ఈ చివర నుంచి ఆ చివర వరకు లైట్ల పట్టీ వచ్చింది. విశేషమేమంటే, అదే సమయంలో ముఖం మార్చుకున్న పెట్రోలు నెక్సాన్‌కు ఆ పట్టీ లేదు. అంటే 2020 నాటి కారుకు పెట్రోలు రకం రేకును పరిశీలించడానికి ఉన్న అవకాశం 2023 తర్వాతి కారు ముందు భాగానికి వచ్చేసరికి బాగా తగ్గిపోయింది.

దుకాణదారు ఫోనులో నెక్సాన్ ఈవీ బంపరు ఉందని చెప్పినప్పుడు ఆ మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ అది ఏ ముఖానికి చెందిన బంపరో ఆ పేరు చెప్పదు. ఇక్కడే మరో పొరపాటుకు ఆస్కారం ఉంది. చాలామంది యజమానులు కారు రిజిస్టరైన తేదీనే కారు వయసుగా భావిస్తారు. 2023 అక్టోబరులో రిజిస్టరైన కారు అంతకు రెండు మూడు నెలల ముందే ఫ్యాక్టరీ నుంచి బయటకు వచ్చి, డీలరు వద్ద నిలిచి ఉన్న పాత రూపం కారు కావచ్చు. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం వేరుగా ఉంటాయి. విడిభాగం కోసం చెప్పవలసింది ఆ నెలనే.

మహీంద్రా ఎక్స్‌యూవీ400 కథ మరీ ఆసక్తికరం. 2023 జనవరిలో ధరలు ప్రకటించిన ఈ కారు పెట్రోలు, డీజిలు ఎక్స్‌యూవీ300 ఆధారంగా రూపొందింది. ఎక్స్‌యూవీ300 పొడవు 3,995 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్ల లోపు ఉండే చిన్న ఇంజను కార్లకు పన్ను తక్కువ కాబట్టి, మన దేశంలో ఎన్నో కార్లు ఆ గీత దగ్గరే ఆగిపోతాయి. విద్యుత్ కార్లకు పొడవుతో నిమిత్తం లేకుండా 5 శాతం జీఎస్టీయే వర్తిస్తుంది. ఆ నిర్బంధం లేనందున ఎక్స్‌యూవీ400 పొడవును 4,200 మిల్లీమీటర్లకు పెంచారు. ఈ పెంపు వెనుక భాగంలో కనిపిస్తుంది. కనుక ఎక్స్‌యూవీ300 డిక్కీ మూతను, వెనుక రేకులను దీనికి తగిలించాలని చూడటం వృథా. పన్నుల చట్టంలోని ఒక గీత టింకరింగు షెడ్డులో రేకు కొలతను నిర్ణయించిందన్నమాట.

ముందు వైపు పరిస్థితి వేరు. ఎక్స్‌యూవీ400కు ఛార్జింగ్ మూత ఎడమ ఫెండరు మీద ఉంటుంది. పెట్రోలు కారు ఫెండరుకు అక్కడ రంధ్రమే ఉండదు. రేకు కోసి రంధ్రం చేయడం షెడ్డులో పెద్ద పని కాదు. కానీ ఆ రంధ్రం చుట్టూ ఉండే అంచు మడత, మూత బిజాగరీ, నీరు లోపలికి పోకుండా చూసే రబ్బరు చుట్టు, నీరు కారిపోయే మార్గం అన్నీ ఫ్యాక్టరీలో అచ్చులో రూపుదిద్దుకున్నవి. అధిక వోల్టేజి ప్లగ్గు తగిలించే చోట కోతతో సరిపెట్టడం ఏ విధంగానూ హర్షణీయం కాదు. కుడి ఫెండరుకు ఈ బాధ లేదు. ఒకే కారులో ఎడమ రేకుకు ఒక న్యాయం, కుడి రేకుకు మరో న్యాయం పెట్రోలు కార్ల కాలంలో అంతగా వినని సంగతి.

ఎంజీ జడ్‌ఎస్ ఈవీలో ఛార్జింగ్ మూత ముందు భాగంలోనే ఉంటుంది. 2020 జనవరిలో విడుదలైన తొలి రకంలో అది గ్రిల్లు మధ్యలోని కంపెనీ చిహ్నం వెనుక దాగి ఉండేది. 2022 మార్చిలో వచ్చిన రూపంలో గ్రిల్లును మూసివేసి, మూతను చిహ్నానికి పక్కకు జరిపారు. రెండు కార్ల పేరూ ఒకటే, బంపర్లు మాత్రం ఒకదానికొకటి పనికిరావు. 2019 జూలైలో వచ్చి 2024లో అమ్మకాలు నిలిచిపోయిన హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్‌కు కూడా ఛార్జింగ్ ముక్కు మీదే. విదేశాల్లో ఆ కారు ముందు భాగాన్ని తర్వాత మార్చారు, ఆ మార్పు మన దేశానికి రాలేదు. విదేశీ పాత భాగం తెప్పించుకోదలచిన కోనా యజమాని ఈ తేడాను ముందే గమనించక తప్పదు.

గుంత చిన్నది, లెక్క పెద్దది

బీమా ఉండగా పాత రేకు ఎందుకన్న సందేహం సహజం. సమాధానం బీమా నిబంధనల్లోనే ఉంది. 2002 నాటి భారత మోటారు టారిఫ్‌లో నిర్దేశించిన తరుగుదల పట్టిక ప్రకారం ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాల విలువలో 50 శాతం కోత పడుతుంది. లోహపు భాగాలకు కారు వయసును బట్టి కోత మారుతుంది. మూడు నుంచి నాలుగేళ్ల మధ్య 25 శాతం, నాలుగు నుంచి అయిదేళ్ల మధ్య 35 శాతం, అయిదు నుంచి పదేళ్ల మధ్య 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం. రంగు విషయంలో కూడా సరుకు ఖర్చు మీద సగం కోత ఉంటుంది. తరుగుదల లేని అదనపు బీమా తీసుకుంటే ఈ భారం తప్పుతుంది గానీ, కారు పాతబడిన కొద్దీ చాలా బీమా సంస్థలు ఆ సదుపాయం ఇవ్వడానికి ముందుకు రావు.

ఉదాహరణకు నాలుగున్నరేళ్ల కారుకు 24 వేల రూపాయల ఇనుప తలుపు, 16 వేల రూపాయల ప్లాస్టిక్ బంపరు మార్చవలసి వచ్చిందనుకుందాం. తలుపు మీద 8,400, బంపరు మీద 8,000, మొత్తం 16,400 రూపాయలు యజమాని జేబు నుంచే పోతాయి. రంగు, తప్పనిసరి మినహాయింపు దీనికి అదనం. అంతటితో అయిపోదు. అయిదేళ్లు క్లెయిము లేకుండా నడిపినవారికి సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గింపు లభిస్తుంది. ఒక్క క్లెయిముతో ఆ తగ్గింపు పోతుంది. మరుసటి ఏడాది ప్రీమియం పెంపును కలిపి లెక్కవేసినవారు చిన్న దెబ్బకు క్లెయిము పెట్టకపోవడమే లాభమన్న నిర్ణయానికి వస్తున్నారు. అప్పుడు మొత్తం ఖర్చు తమదే కనుక, సగం ధరకు దొరికే పాత తలుపు ఆకర్షణీయంగా కనిపిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నింటిపై జీఎస్టీ ఒకే రేటుగా 18 శాతమైంది. అంతకుముందు వాటిలో అనేకం 28 శాతం శ్రేణిలో ఉండేవి. కొత్త భాగం కొంత చవకైనా, పాత కొత్తల మధ్య అంతరం చెరిగిపోలేదు.

పాత రేకులు మార్కెట్టుకు చేరే దారి కూడా ఈ లెక్కతోనే ముడిపడి ఉంది. మరమ్మతు ఖర్చు బీమా చేసిన విలువలో 75 శాతం దాటితే కారును పూర్తిగా నష్టపోయినట్లు పరిగణిస్తారు. విద్యుత్ కారు విలువలో బ్యాటరీదే సింహభాగం. కింది నుంచి రాయి తగిలి బ్యాటరీ పెట్టె దెబ్బతింటే, పైన రేకులన్నీ చెక్కుచెదరకపోయినా కారు శిథిలాల జాబితాలో చేరే అవకాశం ఉంది. ఇటువంటి కార్ల నుంచే మంచి తలుపులు, డిక్కీ మూతలు వస్తాయి. ఎదురుగా ఢీకొని నష్టపోయిన కార్లకు మాత్రం ముందు భాగాలు మిగలవు. మార్కెట్టులో ఎక్కువ మందికి కావలసినవి బంపరు, బానెట్టు, ముందు ఫెండర్లు. దొరికేవి ఎక్కువగా వెనుక భాగాలు. ఈ అసమతుల్యతే సరిగా సరిపడని భాగాన్ని సరిపెట్టే ధోరణికి దారితీస్తోంది.

రేవా నేర్పిన పాఠం

విద్యుత్ కార్ల రేకుల సమస్య మన దేశానికి పూర్తిగా కొత్తది కాదు. బెంగళూరులో తయారై 2001లో మార్కెట్టులోకి వచ్చిన రేవాకు ఇనుప రేకులే లేవు. ఉక్కు చట్రానికి ఏబీఎస్ ప్లాస్టిక్ పలకలు బిగించారు. లండన్ వీధుల్లో జీ-విజ్ పేరుతో తిరిగింది ఈ కారే. ప్లాస్టిక్కు కనుక చిన్న దెబ్బకు గుంత పడదు, తుప్పు పట్టదు, పలకను విప్పి మరొకటి బిగించుకోవచ్చు. మరమ్మతు దృష్టితో చూస్తే ఇంతకంటే సులువైన కారు లేదనిపిస్తుంది. 2010లో మహీంద్రా ఆ సంస్థలో అధిక వాటా తీసుకుంది. 2013 మార్చిలో ఈ2ఓ, 2016లో నాలుగు తలుపుల ఈ2ఓ ప్లస్ వచ్చాయి. 2019లో అదీ నిలిచిపోయింది.

రెండు తలుపుల కారు తలుపు నాలుగు తలుపుల కారుకు సరిపడదని ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. తయారీ నిలిచిపోయిన కారుకు పలక పగిలితే దారి రెండే. ప్లాస్టిక్కును అతికించి రంగు వేయడం, లేదా మూలన పడి ఉన్న మరో కారు నుంచి పలక విప్పడం. ప్లాస్టిక్ భాగమైనందున బీమాలో మొదటి ఏడాది నుంచే సగం కోత. మరమ్మతుకు సులువుగా రూపొందించిన కారు సైతం విడిభాగం ప్రవాహం ఆగిపోతే అనాథ అవుతుందని రేవా పరంపర నిరూపించింది.

కొనేముందు చూడవలసినవి

పాత రేకు సరిపడుతుందో లేదో తేల్చడానికి మొదటి ఆధారం కాగితం, రెండోది కన్ను, మూడోది చెయ్యి అని చెప్పుకోవచ్చు. షెడ్లలో ఈ వరుస చాలావరకు తలకిందులుగా సాగుతుంది. ముందు రేకు తెచ్చి పట్టి చూస్తారు, సరిపడకపోతే వంచుతారు.

కాగితమంటే ఆర్సీ, ఛాసిస్ సంఖ్య, భాగ సంఖ్య. ఛాసిస్ సంఖ్యలో తయారీ సంవత్సరాన్ని, నెలను సూచించే అక్షరాలు ఉంటాయి. వాటి స్థానం కంపెనీని బట్టి మారుతుంది. ఆ సంఖ్య ఇస్తే కంపెనీ విడిభాగాల విభాగం తన జాబితా నుంచి ఆ కారుకు చెందిన భాగ సంఖ్యను చెప్పగలదు. పాత రేకు లోపలి వైపు స్టిక్కరు రూపంలోనో, ప్లాస్టిక్కు అయితే అచ్చులో పోతపోసిన అంకెల రూపంలోనో సంఖ్య కనిపించవచ్చు. చివరి ఒకటి రెండు అక్షరాలు మాత్రమే మారి ఉంటే అది భాగానికి చేసిన సవరణను సూచిస్తుంది. పాత సవరణ భాగం కొత్త కారుకు పనికివస్తుందా అన్నది జాబితాలోనే చూడాలి. ఊహించకూడదు. సంఖ్య కనిపించని రేకు విషయంలో ఏ కారు నుంచి విప్పారో ఆ కారు ఛాసిస్ సంఖ్యను అడగడం ఉత్తమం. ఆ వివరం ఇవ్వలేని అమ్మకందారు ఎంత తక్కువ ధర చెప్పినా ఆలోచించవలసిందే.

కంటితో చూడవలసినవాటిలో మొదటిది ఛార్జింగ్ మూత స్థానం. తర్వాత క్లిప్పుల రంధ్రాలు, బిజాగరీల చోటు, వైర్లు పోయే మార్గాలు. ముందు బంపరుకు పార్కింగ్ సెన్సార్లు, కెమెరా, కొన్ని ఖరీదైన రకాల్లో ముందున్న వాహనాన్ని పసిగట్టే రాడారు అమర్చి ఉంటాయి. ఒకే మోడల్‌లో చవక రకానికి, ఖరీదైన రకానికి ఈ రంధ్రాల సంఖ్యలో తేడా ఉంటుంది. రాడారు ముందు మందమైన లప్పం, రెండు మూడు పొరల రంగు ఉంటే అది సరిగా పనిచేయకపోయే ప్రమాదముంది. కాబట్టి అక్కడ మరమ్మతు చేసిన పాత బంపరు వాడకపోవడమే క్షేమం. పాదచారులను హెచ్చరించేందుకు కృత్రిమ శబ్దం చేసే స్పీకరును కూడా చాలా విద్యుత్ కార్లలో ముందు భాగంలోనే అమరుస్తారు. ఇటువంటి శబ్ద పరికరాన్ని కొత్త మోడళ్లకు 2026 అక్టోబరు నుంచి, మిగిలిన మోడళ్లకు 2027 అక్టోబరు నుంచి తప్పనిసరి చేయాలని కేంద్ర రవాణా శాఖ 2025 సెప్టెంబరులో ముసాయిదా ప్రకటన జారీ చేసింది.

ఇక చేతి పని. జేబులో చిన్న అయస్కాంతం ఉంటే రెండు సంగతులు తేలుతాయి. అది అసలే అంటకపోతే రేకు అల్యూమినియం లేదా ప్లాస్టిక్కు. ఇనుప రేకు మీద ఒకచోట గట్టిగా, మరోచోట బలహీనంగా అంటితే ఆ రెండోచోట లప్పం మందంగా ఉందని అర్థం. అంటే ఆ రేకు ఇదివరకే దెబ్బతిని బాగుచేసినది. బయటి రంగు ఎంత మెరిసినా లోపలి వైపు మడతలు, అంచుల్లోని సీలింగు చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. రంగు కోడ్ ఒకటే అయినప్పటికీ అయిదేళ్లు ఎండకు నిలిచిన కారు రంగుకు, నీడలో ఉన్న రేకు రంగుకు పొంతన కుదరదు. అందువల్ల రంగు కలిసిందన్న కారణంతో ఎక్కువ ధర ఇవ్వడంలో అర్థం లేదు. రంగు వేయించకముందే రేకును ఒకసారి బిగించి, చుట్టూ సందులు సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. రంగు పడ్డాక దుకాణదారు వాపసు తీసుకోడు.

విప్పేవి, కోసేవి

బోల్టులతో బిగించే రేకులకు, వెల్డింగు చేసే రేకులకు మధ్య తేడాను ఇక్కడ ప్రస్తావించాలి. బానెట్టు, తలుపు, సాధారణంగా ముందు ఫెండరు విప్పి బిగించేవి. వెనుక చక్రం మీది రేకు, గుమ్మం కింది పట్టీ కారు చట్రంలో భాగం. వాటిని మార్చాలంటే కోసి వెల్డింగు చేయాలి. నెక్సాన్ ఈవీ, టియాగో ఈవీ వంటి కార్లలో ఛార్జింగ్ మూత పెట్రోలు మూత ఉండే చోటే, అంటే వెనుక చక్రం మీది రేకులోనే ఉంటుంది. గుమ్మం కింది పట్టీ పక్కనే బ్యాటరీ పెట్టె ఉంటుంది. పక్క నుంచి వచ్చే దెబ్బ బ్యాటరీకి తగలకుండా ఆపవలసిన భాగమిది. పాత కారు నుంచి కోసి తెచ్చిన ముక్కను ఇక్కడ అతికించడం ధర లెక్కకు సంబంధించిన విషయం కాదు, ప్రాణాలకు సంబంధించిన విషయం.

వెల్డింగుకు ముందు అధిక వోల్టేజి వలయాన్ని విడదీసి, నిలిచి ఉన్న విద్యుత్తు తగ్గేవరకు తయారీ సంస్థ చెప్పినంత సేపు ఆగాలి. నారింజ రంగు తొడుగు ఉన్న తీగలు అధిక వోల్టేజివి. వాటిని శిక్షణ లేనివారు ముట్టకూడదు. రంగు ఆరబెట్టే గదిలో వేడికి సంబంధించి కూడా విద్యుత్ కార్ల మరమ్మతు పుస్తకాల్లో ఉష్ణోగ్రత, సమయ పరిమితులు ఉంటాయి, ఎందుకంటే బ్యాటరీ ఎక్కువ వేడిని సహించదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల రేకు పనిలో తరతరాల నైపుణ్యం ఉంది. దెబ్బతిన్న లారీ క్యాబిన్‌ను కొత్తదానిలా నిలబెట్టగల చేతులవి. ఆ నైపుణ్యానికి ఈ విద్యుత్ జాగ్రత్తలు తోడు కావలసి ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు నుంచి 2026 డిసెంబరు 31 వరకు మినహాయింపు ప్రకటించడంతో హైదరాబాదులో ఈ కార్లు పెరిగాయి. వాటితోపాటే షెడ్లకు వచ్చే పని కూడా పెరుగుతుంది.

లంకలో లీఫ్ అనుభవం

పొరుగున ఉన్న శ్రీలంక ఈ సమస్యను మనకంటే ముందే చవిచూసింది. సుంకాలు తక్కువగా ఉన్న 2015లో జపాన్ నుంచి వాడిన నిస్సాన్ లీఫ్ కార్లు అక్కడికి పెద్దఎత్తున దిగుమతయ్యాయి. అదే ఏడాది చివర బడ్జెట్టులో సుంకం పెంచడంతో ప్రవాహం తగ్గింది. 2020 మార్చిలో విదేశ మారక ద్రవ్య ఇబ్బందుల వల్ల వాహనాల దిగుమతినే నిషేధించారు. వ్యక్తిగత కార్లపై ఆ నిషేధం 2025 ఫిబ్రవరిలో గానీ తొలగలేదు. దాదాపు అయిదేళ్లపాటు కొత్త కారు రాని దేశంలో ఉన్న కారును నిలబెట్టుకోవడమే మార్గమైంది.

జపాన్ మార్కెట్టు కోసం తయారైన లీఫ్‌ను గుర్తించడం ఒక విధంగా సులువు. ఛాసిస్ సంఖ్య మొదట్లో ఉండే అక్షరాలే తరాన్ని చెబుతాయి. 2010 డిసెంబరులో మొదలైన తొలి కార్లకు జడ్‌ఈ0, 2012 నవంబరు మార్పుల తర్వాతివాటికి ఏజడ్‌ఈ0, 2017 అక్టోబరు నుంచి వచ్చిన రెండో తరానికి జడ్‌ఈ1. మొదటి రెండింటి బయటి ఆకారం దాదాపు ఒకటే. లోపల మాత్రం వెనుక ఉండే ఛార్జరును ముందుకు తెచ్చారు, ముందు భాగంలోని సామగ్రి అమరిక మారింది. కాబట్టి తలుపు విషయంలో ఉన్న ధీమా ముక్కు భాగం విషయంలో పనికిరాదు. జడ్‌ఈ1 రేకులు పూర్తిగా వేరు. ఇంకొక విశేషం, లీఫ్ బానెట్టు, తలుపులకు బరువు తగ్గించడానికి అల్యూమినియం వాడారు. ఇనుప రేకుకు అలవాటుపడిన సుత్తి, వేడి, వెల్డింగు దానికి కుదరవు. ఇనుముకు, అల్యూమినియానికి మధ్య నేరుగా తాకిడి ఉండి తేమ చేరితే అల్యూమినియం త్వరగా తినేస్తుంది. అందువల్ల బోల్టుల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. అయినా లంకకు ఒక అనుకూలత ఉంది. జపాన్‌లో వాహనాల పునర్వినియోగ చట్టం 2005 నుంచి అమలులో ఉంది. ఏ కారు నుంచి ఏ భాగం విప్పారో నమోదు చేసి అమ్మే వ్యవస్థ అక్కడ పాతుకుపోయింది. కొలంబో కొనుగోలుదారు ఛాసిస్ సంఖ్యతో భాగం కోరగలడు. మాయాపురిలో ఆ మాట అడిగితే వింతగా చూస్తారు.

పుట్టుక తెలియని భాగాలు

మన మార్కెట్టు బలహీనత అక్కడే ఉంది. రేకుల మీద ఛాసిస్ సంఖ్య ఉండదు కనుక దొంగిలించిన కారు తలుపును, బీమా సంస్థ వేలం వేసిన కారు తలుపును చూసి వేరు చేయడం అసాధ్యం. దొంగ వాహనాల భాగాలకు పేరుమోసిన మీరట్‌లోని సోతీగంజ్ మార్కెట్టును 2021 డిసెంబరులో పోలీసులు మూయించారు. దొంగసొత్తని తెలిసి కొన్నవారికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. బిల్లు, అందులో మూల వాహనం వివరం లేని కొనుగోలు ఏనాటికైనా ఇబ్బందే.

మరోవైపు కంపెనీల వైఖరి కూడా విమర్శలకు అతీతం కాదు. స్వతంత్ర మరమ్మతు షెడ్లకు అసలు విడిభాగాలు, సాంకేతిక సమాచారం అందకుండా చేస్తున్నారంటూ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ ఉత్తర్వుపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించి, వాహన రంగాన్ని కూడా అందులో చేర్చింది. భాగ సంఖ్యల జాబితా ఎవరికైనా తెరిచి ఉంటే, పాత రేకు సరిపడుతుందా అన్న ప్రశ్నలో సగం అక్కడికక్కడే తేలిపోతుంది. పోర్టల్ తెరవడం కంటే జాబితా తెరవడం ఎక్కువ ఉపయోగకరమని చెప్పక తప్పదు.

2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కాలం తీరిన వాహనాల నిబంధనలు తయారీదారుల బాధ్యతను ఉక్కు బరువులో కొలుస్తున్నాయి. తుక్కు నుంచి ఎంత ఉక్కు తిరిగి వచ్చిందన్న లెక్క మీదే వారికి ధ్రువపత్రాలు లభిస్తాయి. కరిగించిన బానెట్టు ఈ లెక్కలోకి వస్తుంది. మరో కారుకు బానెట్టుగానే ఉపయోగపడి, కొత్త రేకు తయారీని తప్పించిన బానెట్టుకు ఇందులో ప్రత్యేక విలువ లేదు. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి కారు మరమ్మతుకు వచ్చిన వినియోగదారుకు కొత్త భాగంతోపాటు వాడిన భాగం ఎంచుకునే అవకాశాన్ని కూడా గ్యారేజీ తెలియజేయాలి. విప్పి బిగించే రేకులు ఆ జాబితాలో ఉన్నాయి. మన సర్వీసు కేంద్రాలు ఇచ్చే అంచనా పత్రంలో అటువంటి గడి లేదు.